విమానం కొలిచిన హరికేన్ గాలి లెక్కను నమ్మొచ్చా?

ప్రశ్న: అమెరికాలో హరికేన్ వస్తే విమానం లోపలికి వెళ్లి గాలి వేగం కొలిచిందని వార్తల్లో చెబుతారు. గాలికి తనే కొట్టుకుపోయే విమానం గాలినెలా కొలుస్తుంది? ఆ అంకెను నమ్మొచ్చా? మన తుఫాన్లకూ ఇలాగే చేస్తారా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మంచి అనుమానమే వచ్చిందండీ మీకు. గోదావరి దాటేటప్పుడు పడవ ముక్కు సరిగ్గా ఎదుటి రేవుకే పెట్టినా ప్రవాహం లాగేసి దిగువన ఎక్కడో తేలుస్తుంది కదా, ఎంత పక్కకి జరిగామో తెలిస్తే నీటి వేగం లెక్కకట్టేయొచ్చు. విమానానిదీ ఇదే లెక్క. చుట్టూ ఉన్న గాలిలో ఎంత వేగంతో పోతోందో ఎదురుగాలి ఒత్తిడి కొలిచే పిటో గొట్టం చెబుతుంది, నేల మీద లెక్కన నిజంగా ఎటు ఎంత జరిగిందో జీపీఎస్ చెబుతుంది, దిక్కులతో సహా ఆ రెండింటి తేడాయే గాలి. ఇంతవరకు గట్టి లెక్కే. చిక్కల్లా ఎత్తుతోనే. పెద్ద హరికేన్లలో విమానం ఎగిరేది సుమారు 3 కిలోమీటర్ల ఎత్తున, మనకి కావాల్సింది 10 మీటర్ల ఎత్తులో గాలి.

పై గాలిలో ఎంత శాతం కింద ఉంటుందన్న చోటే ఆండ్రూ అనే హరికేన్ విషయంలో పొరపాటు జరిగింది. 1992 ఆగస్టు 24న అది దక్షిణ ఫ్లోరిడాని కొట్టినప్పుడు గంటకు 233 కి.మీ., కేటగిరీ 4 అన్నారు (హరికేన్ల బలాన్ని 1 నుంచి 5 దాకా కేటగిరీలుగా చెబుతారు, 5 అంటే అన్నిటికన్నా తీవ్రం). 1997లో జీపీఎస్ డ్రాప్‌సోండ్ వచ్చింది. అరకిలో కూడా తూగని గొట్టం అది, విమానంలోంచి జారవిడిస్తే చిన్న పారాచూట్‌తో ఊగుతూ దిగుతుంది, సముద్రంలో పడేలోపు ఆ కొద్ది నిమిషాలూ గాలి, పీడనం, తేమ ఎంతుందో సెకను సెకనుకీ పైకి పంపుతూనే ఉంటుంది. అలా పోగైన లెక్కలు చూస్తే, తుఫాను కన్ను చుట్టూ ఉండే మేఘాల గోడలో, పై గాలిలో సుమారు 90 శాతం కిందా ఉంటోందని తేలింది. దాంతో 2002లో, అంటే పదేళ్లకి, ఆండ్రూని 266 కి.మీ.కి పెంచి కేటగిరీ 5లోకి మార్చారు. పాత అంకెను పట్టుకుని వేలాడకుండా దిద్దుకున్నారు, నాకు వాళ్ల లెక్క మీద గురి కుదిరింది అందుకే.

డ్రాప్‌సోండ్‌కీ ఒక లోటుంది. అది పడిన దారిలో, ఆ క్షణంలో తగిలిన గాలినే చెబుతుంది, పక్కనే అంతకన్నా పెద్ద ఈదురు ఉన్నా దానికి తెలీదు. అందుకే ఎస్‌ఎఫ్‌ఎంఆర్ అనే పరికరం కూడా వాడతారు. గాలి పెరిగేకొద్దీ సముద్రం తెల్లగా నురగ కక్కుతుంది, ఆ నురగ నుంచి వచ్చే మైక్రోవేవ్‌లని బట్టి కింది గాలిని ఇది అంచనా వేస్తుంది. కానీ లోతు తక్కువ నీళ్లలో అలలు వాటంతటవే విరిగి నురగ రేపుతాయి, అక్కడ ఇది మోసపోతుంది. 2019 డోరియన్ లాంటి భారీ హరికేన్లలో ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తోందేమోనన్న అనుమానమూ వచ్చింది. అందుకే ఏ ఒక్కదాని మాటా వేదం కాదు, విమానం లెక్క, డ్రాప్‌సోండ్, ఎస్‌ఎఫ్‌ఎంఆర్ మూడూ ఒకదానికొకటి దగ్గరగా చెబితే నమ్మండి.

ఇక మన బంగాళాఖాతం సంగతి. ఇక్కడ విమానాలు రోజూ తుఫాన్లలోకి వెళ్లవు. తీరానికి దూరంగా ఉన్నంతసేపు మనం వినే వేగం ఎక్కువగా ఉపగ్రహ చిత్రాల్లో మేఘాల అమరిక చూసి కట్టిన అంచనా, దగ్గరికొచ్చాక రాడార్ తోడవుతుంది. పైగా మన వాతావరణ శాఖ చెప్పేది 3 నిమిషాల సగటు, అమెరికా వాళ్లది 1 నిమిషానిది. ఎక్కువసేపటికి సగటు తీస్తే గరిష్ఠ అంకె కాస్త తగ్గుతుంది. కాబట్టి హుద్‌హుద్ అంకె పక్కన ఆండ్రూ అంకె పెట్టి చూస్తే మనది ఉన్నదానికన్నా కాస్త తక్కువగానే కనిపిస్తుంది.