గొలుసు విప్పే ముందు

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని రెడ్‌మండ్ చుట్టుపక్కల కొత్తగా కాపురం పెట్టి, ఏడాది తిరక్కుండానే కుక్కపిల్లను తెచ్చుకున్న మనవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న, మేరీమూర్ పార్కులో దాన్ని గొలుసు లేకుండా ఎప్పటి నుంచి వదలవచ్చు అన్నది. ముందు కుక్కను ఇంట్లోనే ఉంచి, మీరొక్కరే వెళ్లి ఒక అరగంట చూసి రండని చెబుతాను. యజమానులు తమ కుక్కల వెంట నడుస్తున్నారా, లేక ఫోన్లలో మునిగిపోయారా అన్నది గమనిస్తే, ఆ వేళకు అక్కడికి వెళ్లవచ్చో లేదో మీకే తెలుస్తుంది.

మేరీమూర్‌లో కుక్కలను వదిలే చోటు దాదాపు 40 ఎకరాలు. చెట్ల నడుమ దారులు, నదిలోకి దిగే రేవులు ఉన్న అంత పెద్ద స్థలం, పిలిస్తే వెనక్కి రావడం ఇంకా నేర్వని కుక్కకు తగదు. చుట్టూ కంచె, ఒకదాని వెనక ఒకటిగా రెండు గేట్లు, చిన్న కుక్కలకు విడిగా ఆవరణ ఉన్న చిన్న పార్కుతో మొదలుపెట్టడం మేలు. నాలుగు నెలలు దాటేవరకు సాగే టీకాలు, రేబిస్ టీకాతో సహా, పూర్తయ్యాక పశువైద్యుణ్ణి అడిగి, ఆ తరువాతే తీసుకువెళ్లండి.

రెండు గేట్ల మధ్యనే గొలుసు విప్పాలి. నేను మొదటిసారి భయం కొద్దీ గొలుసు చేతికి చుట్టుకుని లోపలికి నడిచాను. నాలుగు కుక్కలు చుట్టుముట్టి వాసన చూస్తుంటే, పక్కకు తప్పుకోవడానికి వీలులేక మా కుక్క పళ్లు చూపించింది, మరుక్షణం దాని చెవి చీలింది. తప్పు పూర్తిగా నాదే.

ముందు కాళ్లు నేలకు ఆనించి వెనక భాగం పైకెత్తిన కుక్క ఆటకు పిలుస్తోందని అర్థం. ఒళ్లు బిగించి, నోరు మూసి, చూపు తిప్పకుండా నిలబడితే, తోక ఆడుతున్నా సరే, వెంటనే మీ కుక్కను పిలుచుకుని దూరంగా వెళ్లండి. పోట్లాట మొదలైతే మెడపట్టీ కోసం చెయ్యి పెట్టవద్దు. నీళ్లు చల్లండి, అవసరమైతే ఇద్దరు యజమానులూ ఒకేసారి ఎవరి కుక్కను వారు వెనక కాళ్లు పట్టి లాగండి. తినుబండారాలు, పసిపిల్లలు లోపలికి వద్దు. వారాంతం విహారమని పులిహోర డబ్బాతో వచ్చిన వారినీ చూశాను.

మన ఊళ్లలో వీధికుక్కల తగవులు అవే తీర్చుకుంటాయి. ఇక్కడ మీ కుక్క మనిషిని కరిస్తే, రెచ్చగొట్టడం వల్ల కరిచిందని రుజువైతే తప్ప, అది ఇంతకు ముందెన్నడూ కరవలేదన్న వాదన వాషింగ్టన్ చట్టం ముందు నిలవదు, నష్టపరిహారం మీరే చెల్లించాలి. మీ ఇంటి బీమా దీనికి వర్తిస్తుందో లేదో, మీ కుక్క జాతిని అందులో మినహాయించారో లేదో ముందే చదువుకోండి.

శరదృతువులో మరొక జాగ్రత్త అవసరం. ఆ రోజుల్లో సామన్ చేపలు మేరీమూర్ పక్కన పారే సమామిష్ నదిలో ఎదురీదుతాయి, చచ్చినవి ఒడ్డున పడి ఉంటాయి. పచ్చి సామన్ తిన్న కుక్కకు, ఆ చేపలోని పరాన్నజీవి మోసుకొచ్చే బాక్టీరియా వల్ల, సుమారు వారం రోజుల్లో జ్వరం, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. మందు పడకపోతే చాలావరకు బతకవు. నోట్లో చేప కనిపించినా, కనిపించిందన్న అనుమానం ఉన్నా, ఆ సంగతి వైద్యుడికి మొదటే చెప్పండి.