బాధితులు కోర్టు విచారణకు వెళ్లి కూర్చోవచ్చా?

నాన్నగారిని కొట్టిన కేసు ట్రయల్‌కి వచ్చిందని, స్టేషన్‌లో అడిగితే "సమన్లు వస్తే రండి చాలు" అంటున్నారని రాశారు. సమన్లు లేకపోయినా వెళ్లండి, ప్రతి వాయిదాకీ వెళ్లండి. ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. క్రిమినల్ విచారణ బహిరంగంగానే జరగాలి, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో 327వ సెక్షన్, దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 366 చెప్పేది అదే. అత్యాచారం, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాలు) లాంటి కేసులే తలుపులు మూసి నడుపుతారు.

మేము కూడా సమన్లు వస్తే వెళ్తే చాలన్న మాట నమ్మి ఇంట్లో కూర్చున్నాం. మా తమ్ముడు లారీ గుద్ది చనిపోయాడు. అమ్మకి సమన్లు వచ్చి కోర్టుకి వెళ్లేసరికి ఇద్దరు సాక్షుల విచారణ అయిపోయింది, కళ్లారా చూసిన టీకొట్టు ఆయన నాకేం తెలీదని అడ్డం తిరిగాడట. మేం ఎదురుగా ఉంటే అలా చెప్పేవాడు కాదని అమ్మ ఇప్పటికీ అంటుంది. ఆ తర్వాత ఒక్క వాయిదా వదల్లేదు. ఈ-కోర్ట్స్ యాప్‌లో సీఎన్‌ఆర్ నంబర్ (ప్రతి కేసుకీ ఉండే ప్రత్యేక నంబర్) కొడితే తర్వాతి తేదీ వస్తుంది, ఎవరినీ బతిమాలక్కర్లేదు.

ఒక్కటి గుర్తుంచుకోండి. నాన్నగారు సాక్షి కూడా కాబట్టి ఆయన సాక్ష్యం, క్రాస్ (ఎదుటి లాయర్ అడిగే ప్రశ్నలు) పూర్తయ్యేదాకా మిగతా సాక్షులు చెప్పేటప్పుడు బయట ఉండమంటారు. మా అమ్మని అలా పంపేస్తే వరండాలో ఏడ్చేసింది, పాపం కారణం ఎవరూ చెప్పలేదు. వేరేవాళ్ల మాటలు విని చెప్పారని డిఫెన్స్ లాయర్ అనకుండా ఉండటానికే అది, మీ కేసుకి మంచిదే. సాక్షి కాని మీరు లోపలే కూర్చోవచ్చు. కోర్టు అనుమతిస్తే ప్రభుత్వం తరఫున వాదించే లాయర్ (ఏపీపీ)కి సాయంగా సొంత లాయర్ని కూడా పెట్టుకోవచ్చు. రైతుల మీదకి వాహనం ఎక్కించారన్న లఖింపూర్ ఖేరీ కేసులో 2022లో సుప్రీంకోర్టు, దర్యాప్తు నుంచి అప్పీలు దాకా ప్రతి దశలోనూ బాధితుల మాట వినాలని స్పష్టంగా చెప్పింది, లాయర్‌కి ఆ తీర్పు గుర్తుచేయండి.

మా కేసు కొట్టేశారు. ఆ రోజు కోర్టులో ఉన్నాం కాబట్టే వెంటనే తీర్పు కాపీకి అప్లై చేసి, సీఆర్‌పీసీ 372 సెక్షన్ కింద అమ్మ పేరు మీద సెషన్స్ కోర్టులో అప్పీలు వేయగలిగాం, ప్రభుత్వం వేస్తుందా లేదా అని ఎదురుచూడలేదు. కొత్త చట్టంలో ఆ హక్కు 413లో ఉంది.

నాన్నగారి సాక్ష్యం ముందురోజే ఏపీపీ గారిని కలిసి, పోలీసులు రాసుకున్న స్టేట్‌మెంట్ ఒకసారి చదివి వినిపించమని అడగండి. మా అమ్మకి ఎవరూ వినిపించలేదు, బోనులో నిలబడి తేదీ దగ్గర తడబడింది.