మూలకణాల మాట తర్వాత చూద్దాం, ముందు రాత్రి ఇన్సులిన్ ఎందుకు ఆపారు?

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు. మూడేళ్లుగా టైప్-1 షుగర్, రోజుకు నాలుగు ఇంజెక్షన్లు. పిండ మూలకణాలతో పూర్తిగా నయమవుతుందట. ఒక కేంద్రం వారు ఆరు లక్షలు అడుగుతున్నారు. చేయించవచ్చా? తెలిసినవాళ్లు చెప్పారని రెండు వారాలుగా ఆకుల కషాయం పట్టిస్తూ రాత్రి ఇంజెక్షన్ ఆపాం. మూడు రోజులుగా పొద్దున్నే కడుపునొప్పి అంటున్నాడు.
– ఒక తల్లి, అనంతపురం

జవాబు: అమ్మా, చివరి రెండు వాక్యాలు మీరు ముందు రాయాల్సింది. రాత్రి ఇన్సులిన్ అందని టైప్-1 పిల్లవాడికి కడుపునొప్పి వస్తే అజీర్తి అని సరిపెట్టుకోకూడదు. రక్తంలో కీటోన్లు (ఇన్సులిన్ అందనప్పుడు ఒంట్లో కొవ్వు కరిగి పుట్టే ఆమ్లాలు) పెరుగుతుండవచ్చు. అది ప్రాణం మీదికి తెస్తుంది. చూడకుండా నేను నిర్ధారించలేను, డోసూ చెప్పలేను. ఈరోజే ప్రభుత్వ సర్వజన ఆస్పత్రికి తీసుకెళ్లి షుగర్, కీటోన్లు చూపించండి. వాంతులు, ఆయాసం, మగత ఉంటే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

టైప్-1లో క్లోమం ఇన్సులిన్ తయారు చేయదు. ఏ కషాయమూ ఆ లోటు తీర్చదు. ఇంజెక్షన్ పొడిచేటప్పుడు బిడ్డ ముఖం చూడలేకే ఆపి ఉంటారు, అర్థమవుతుంది. అయినా డాక్టరును ఒక్క మాట అడగకుండా ఎలా ఆపారు?

ఇక పిండ మూలకణాలు. ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ) చికిత్సలో మిగిలిన, సుమారు అయిదు రోజుల పిండాల నుంచి వీటిని 1998లో అమెరికాలో శాస్త్రవేత్త జేమ్స్ థామ్సన్ బృందం తొలిసారి వేరుచేసి పెంచింది. శరీరంలోని ఏ కణంగానైనా మారగలవు. అందుకే అదుపు తప్పితే గడ్డలూ కడతాయి. మూలకణాల నుంచి ఇన్సులిన్ కణాలు తయారుచేసి ఎక్కించిన ప్రయోగం ఫలితాలు 2025లో వచ్చాయి. పూర్తి డోసు తీసుకున్న 12 మందిలో 10 మందికి ఏడాది తర్వాత ఇన్సులిన్ అవసరం లేకపోయింది. ఆశ కలిగించే సంగతే. కానీ వాళ్లందరూ పెద్దవాళ్లు, తరచూ షుగర్ ప్రమాదకరంగా పడిపోయేవాళ్లు. పైగా రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతూనే ఉండాలి.

మన దేశంలో 2017 ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ జబ్బులకు తప్ప మూలకణాలను అనుమతి ఉన్న ప్రయోగాల్లోనే వాడాలి. ప్రయోగంలో చేరిన రోగి దగ్గర చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. ఆరు లక్షలు అడిగారంటేనే అనుమానించండి. ఏ కణాలు ఎక్కిస్తారో, ప్రయోగం నమోదు సంఖ్య ఏమిటో కాగితం మీద రాసివ్వమనండి.

ఆస్పత్రికి వెళ్లేటప్పుడు షుగర్ రీడింగుల పుస్తకం, వాడుతున్న ఇన్సులిన్, ఆ కషాయం ఆకులు కూడా తీసుకెళ్లి చూపించండి. పొట్ట మీద ఒకేచోట పొడిచి గట్టిపడిందేమో కూడా చూడమనండి. అక్కడ పొడిస్తే మందు సరిగా ఒంటబట్టదు.