ఆన్‌లైన్ షాపు సైటుకు ఏం నేర్చుకోవాలి?

బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ ఇంటి పచ్చళ్లు అమ్మడానికి సొంతంగా సైటు కట్టాలనుకుంటున్నాను, నేరుగా రియాక్ట్ (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) నేర్చుకోవాలా అని అడిగారు. ఇప్పుడే అక్కర్లేదండి. పేజీ కట్టే హెచ్‌టీఎంఎల్, దానికి రూపమిచ్చే సీఎస్‌ఎస్, పేజీని పని చేయించే జావాస్క్రిప్ట్ కాస్త వచ్చాక, సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ మీద దానికి షాపును జోడించే వూకామర్స్ పెట్టుకోండి. కార్ట్, ఆర్డర్లు, కూపన్లు తయారుగా వస్తాయి. రెండూ ఉచితమే; డొమైన్‌కీ (సైటు పేరు) హోస్టింగ్‌కీ (సైటును ఉంచే చోటు) మాత్రం డబ్బు కట్టాలి.

సొంతంగా కోడ్ రాసే రోజు వస్తే, బుర్ర పెట్టాల్సింది డబ్బు దగ్గర. బ్రౌజర్ పంపిన ధరను నమ్మకూడదు, దాన్ని ఎవరైనా మార్చి పంపగలరు. సైటును నడిపే కంప్యూటర్, అంటే సర్వరే, డేటాబేస్‌లోని ధర తీసుకుని మొత్తం లెక్కకట్టాలి. ఇంకొకటి: కొందరు యూపీఐలో డబ్బు కట్టేసి, సైటుకు తిరిగి రాకుండానే ఫోన్ పక్కన పడేస్తారు. అందుకే పేమెంట్ గేట్‌వే (డబ్బు వసూలు చేసిపెట్టే సేవ) నేరుగా మీ సర్వర్‌కు పంపే సందేశాన్ని, అంటే వెబ్‌హుక్‌ను చూసి, అది నిజంగా గేట్‌వే పంపిందేనని తేల్చే సిగ్నేచర్ సరిపోయాకే ఆర్డర్ ఖాయం చేయాలి. కార్డు నంబర్లు దాచే ఆలోచనే వద్దు. 2022 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంక్ నిబంధనలు వ్యాపారులను అందుకు ఒప్పుకోవు.

సీసా కారకుండా ప్యాక్ చేయడం వీటన్నిటికంటే కష్టమనుకోండి, అది వేరే ప్రశ్న. తినే సరుకు కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ మాత్రం సైటు కంటే ముందే చూసుకోండి.