చెరువు పచ్చబడింది, మైలుతుత్తం చల్లమంటారా?

ప్రశ్న: మా చిన్న పట్టణంలో జనం నడవడానికి, కాసేపు కూర్చోవడానికి తవ్వించిన చెరువు ఒకటుంది. ఎండలు ముదిరేసరికి నీళ్లు చిక్కగా, పచ్చగా అయిపోతాయి. మొన్న తెల్లారేసరికి చేపలు చచ్చి తేలాయి. ఎవరో విషం కలిపారని కొందరంటున్నారు, మైలుతుత్తం చల్లితే బాగైపోతుందని ఇంకొందరు. ఏం చేయమంటారు?

జవాబు: మైలుతుత్తం జోలికి మాత్రం ఇప్పుడు పోకండి. విషం మాట కొట్టిపారేయలేం గానీ, తెల్లవారేసరికే చచ్చాయంటే నా అనుమానం ముందు ఆక్సిజన్ మీదికే పోతుంది. నీళ్లను పచ్చగా చేసే నాచు పగలు ఎండలో ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి చేపలతో పాటు తనూ దాన్నే పీల్చుకుంటుంది, దాంతో సూర్యోదయానికి ముందు నీళ్లలో అది అడుగంటుతుంది. అసలే వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. 10 డిగ్రీల దగ్గర లీటరుకు 11 మిల్లీగ్రాములు పట్టే నీరు 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు మించి పట్టదు. ఆక్సిజన్ రెండు మిల్లీగ్రాములకి దిగిందంటే చాలా రకాల చేపలు తట్టుకోలేవు. చచ్చేముందు పైకొచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేశాయా, పెద్ద చేపలు ముందు పోయాయా అని చూసినవాళ్లను అడగండి. తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం ఒకసారి మీటరుతో ఆక్సిజన్ కొలిపిస్తే సగం గొడవ తీరిపోతుంది.

ఇప్పుడు మైలుతుత్తం చల్లారనుకోండి, నాచంతా ఒక్కసారే చచ్చి కుళ్లుతుంది, ఆ కుళ్లే మిగిలిన ఆక్సిజన్‌ని తినేస్తుంది, బతికున్న చేపలు కూడా పోతాయి. మైలుతుత్తంలో ఉండే రాగి అడుగు బురదలో చేరిపోతుంది. నాచుకి మేతైన భాస్వరం మాత్రం ఎక్కడికీ పోదు, కొన్నాళ్లకు మళ్లీ అదే పచ్చదనం! 1973లో కెనడాలో ఒక సరస్సుని మధ్యలో తెర కట్టి రెండుగా చేశారు. రెండు వైపులా కార్బన్, నత్రజని వేసి, భాస్వరం మాత్రం ఒకవైపే కలిపితే, ఆ వైపే పచ్చబడింది.

కాబట్టి ఆ భాస్వరం ఎటు నుంచి వస్తోందో ముందు కనిపెట్టాలి. వాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని గట్టు చుట్టూ తిరిగి, ఏ పైపు నుంచి, ఏ కాలవ నుంచి నీళ్లు దిగుతున్నాయో చూడండి. మురుగు కలుస్తుంటే ముందు దాన్ని ఆపాలి, అది ఆగకుండా ఇంకేం చేసినా దండగే. పచ్చికకి ఎరువు వేయడం, బాతులకి బ్రెడ్డు విసరడం (ఇది మాన్పించడమే అన్నిటికన్నా కష్టం) కూడా లెక్కలోకొస్తాయి. గట్టు వెంట గడ్డిని నీటి అంచు దాకా కోయకుండా కొంత వెడల్పున వదిలేయండి. ఇక ఆక్సిజన్ సంగతికొస్తే, ఫౌంటెన్ చూడ్డానికి బాగుంటుంది గానీ, చాలావాటిది పై నీటితోనే ఆట. అడుగు నుంచి గాలి బుడగలు వదిలే ఏర్పాటు లోతున్న చోట బాగా పనికొస్తుంది. చెరువు పాతదైతే పూడిక తీయించక తప్పకపోవచ్చు, ఖర్చు మాత్రం గట్టిగానే ఉంటుంది.

ప్రశ్న: అదే చెరువులో మా కుక్క ఈదుతుంది. పర్వాలేదా?

జవాబు: నీటి మీద పెయింట్ ఒలికినట్టు తెట్టు కనబడితే దింపకండి. నీలి ఆకుపచ్చ నాచులో కొన్ని రకాలకు విషం ఉంటుంది, గాలికి ఆ తెట్టు ఒడ్డుకి చేరి పేరుకుంటుంది, కుక్క సరిగ్గా అక్కడే తాగుతుంది. పొరపాటున దిగితే ఒళ్లు నాక్కునేలోపే మంచినీళ్లతో కడిగేయండి. వాంతులు, తూలడం కనిపిస్తే వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆ నీళ్లు మరగబెట్టినా విషం పోదు.