మోటార్ హోమ్‌ని (లోపలే ఇల్లులా ఉండే బండిని) ప్రెషర్ వాషర్‌తో కడగొచ్చా? ఎంత పీఎస్ఐ (నీళ్ళ ఒత్తిడి) పెట్టాలి?

చక్రాలు, బండి అడుగు భాగం నిక్షేపంగా కడగొచ్చు. మిగతా బండి దగ్గరికి మాత్రం దాన్ని తీసుకెళ్ళకండి. పీఎస్ఐ గురించి అడిగారు గానీ, అంతకంటే ముందు చూసుకోవాల్సింది నాజిల్. ఎర్ర నాజిల్ అంటే సున్నా డిగ్రీలు, నీళ్ళు సూదిలా దిగుతాయి. దాన్ని డబ్బాలోంచి బయటికే తీయొద్దు. తెల్లది 40 డిగ్రీలు. దాంతో దూరంగా నిలబడి కొడితే ఏమీ కాదంటారు. నేనైతే అదీ చక్రాల వరకే.

ఓసారి డాలస్ దగ్గర సెకండ్‌హ్యాండ్ మోటార్ హోమ్ చూడ్డానికి నేనూ మా బావమరిదీ వెళ్ళాం. బండి తళతళలాడుతోంది. ‘పొద్దున్నే ప్రెషర్ వాష్ చేశా’ అన్నాడు అమ్మే ఆయన. మావాడు అప్పటికే లోపలికెళ్ళి రైస్ కుక్కర్ ఎక్కడ పెట్టాలో చూసుకుంటున్నాడు. నేను బయట కిటికీ కింద బొటనవేలితో నొక్కాను. గోడ మెత్తగా లోపలికి పోయి, మెల్లగా పైకొచ్చింది. ఎండకి పక్కగా నిలబడి చూస్తే అక్కడ పూరీలా చిన్న ఉబ్బు. కిటికీ మూల సీలెంట్ లేచిపోయింది, గీతల స్టిక్కర్ అంచులు చిరుగులు పట్టాయి. పైన పటారం, లోన లొటారం!

ఈ బండ్ల గోడలు చాలావరకు పల్చటి ఫైబర్‌గ్లాస్, దాని వెనక ప్లైవుడ్, ఫోమ్ కలిపి జిగురుతో అంటించినవి. ప్లైవుడ్‌కి తడి తగిలిందా, జిగురు వదిలేస్తుంది. ఆ ఒక్క పూట కడిగితే అంత అవుతుందా అంటే అవదు. ఆయన ఏళ్ళ తరబడి అలాగే కొట్టి ఉంటాడు, నాకు అనుమానమే లేదు. నిచ్చెన వేసుకుని రూఫ్ చూస్తానంటే వద్దన్నాడు మరి! బేరం అక్కడే ఆగింది. మా బావమరిది దారంతా మొహం మాడ్చుకునే కూర్చున్నాడు.

రూఫ్ మీద రబ్బరు పొర ఉంటే మరీ జాగ్రత్త. పెట్రోలియం కలిసిన క్లీనర్లు కూడా దానికి పడవు. గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ ఉంటే, బయటి గోడకి ఉండే జాలీ వెనకే దాని బర్నర్ ఉంటుంది. అందులోకి నీళ్ళు కొట్టి, ఫ్రిజ్ వెలగట్లేదని తలపట్టుకునేవాళ్ళున్నారు. మే నెలలో టెక్సాస్ తీరంలోని గాల్వెస్టన్ వైపు వెళ్తే బండి ముందంతా లవ్‌బగ్స్ అనే చిన్న పురుగులు అతుక్కుంటాయి. తడిగుడ్డ కప్పి కాసేపు నాననిస్తే అవే ఊడొస్తాయి. రూఫ్‌తో మొదలుపెట్టి కిందికి రండి, పొడవాటి కర్రకి మెత్తటి బ్రష్, బకెట్‌లో కార్ వాష్ సబ్బు చాలు. సబ్బు ఆరకముందే కడిగేయాలి, టెక్సాస్ ఎండలో అయితే పొద్దున్నే.

అసలు టెన్షన్ కడగడం కాదు, చోటు దొరకడం. ఇంటి ముందు పెడితే హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళ ఉత్తరం. ఇలాంటి బండ్లు ఆపుకునే ఆర్‌వీ పార్కుల్లో చాలాచోట్ల కడగనివ్వరు. పోనీ మనమే కడుక్కునే కార్ వాష్‌కి వెళ్దామంటే, అక్కడ చేతికిచ్చేది ఆ ప్రెషర్ గన్నే. పైగా సొంత బకెట్ వాడొద్దని బోర్డు!