షెడ్యూలు అంటే ఏ షెడ్యూలు?

ప్రశ్న: ఈ ఏడాదే బీటెక్ కంప్యూటర్ సైన్స్ పూర్తి చేశాను. సిటీ బస్సుల నిర్వహణకు సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం వచ్చింది. నెలలో చేరాలి. హెడ్‌వే, బ్లాక్, లేఓవర్, డెడ్‌హెడ్, రన్‌కట్ అంటూ పెద్ద పదాల జాబితా పంపారు. ఎంత చదివినా గుర్తుండటం లేదు, టెన్షన్‌గా ఉంది. నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఈ రంగంలోకి వెళ్లొచ్చా?

జవాబు: తప్పకుండా వెళ్లండి. ఆ జాబితాను మాత్రం బట్టీ పట్టకండి. దాన్ని తీసుకెళ్లి మీ నాన్నగారి పక్కన కూర్చోండి. ఆయన ఉద్యోగమంతా ఈ మాటల మధ్యే గడిచింది, పేర్లే కొంచెం వేరు. డెడ్‌హెడ్ అంటే ప్రయాణికులు లేకుండా బస్సు డిపో నుంచి మొదటి స్టాపుకు వెళ్లడం. డిపోలో వీటినే డెడ్ కిలోమీటర్లు అంటారు. లేఓవర్ అంటే ట్రిప్పు చివర బస్సు ఆగే కాసేపు. డ్రైవర్ టీ తాగేదీ, అయిన ఆలస్యాన్ని సర్దుకునేదీ అప్పుడే. ఇలాంటి వాటికి ఒక్క సాయంత్రం చాలు.

ఎక్కువ ఇబ్బంది పెట్టేవి మనకు తెలుసనుకునే మాటలే. షెడ్యూలునే తీసుకోండి. ఆర్టీసీ డిపోలో షెడ్యూలు అంటే ఒక బస్సుకు అప్పగించిన మొత్తం పని. 'మా డిపోకు ఎనభై షెడ్యూళ్లు' అంటే ఎనభై బస్సులు రోడ్డెక్కాలని. చాలా సాఫ్ట్‌వేర్లలో ఆ పనిని బ్లాక్ అంటారు, షెడ్యూలు అంటే టైమ్‌టేబుల్ అంతా. బస్టాండులో 'ఏడున్నర సర్వీసు' అంటే ఏడున్నరకు కదిలే బస్సు. బస్సు వేళల డేటాకు వాడే జీటీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో సర్వీస్ ఐడీ మాత్రం ఆ ట్రిప్పులు ఏయే రోజుల్లో నడుస్తాయో చెబుతుంది. రానూపోనూ కలిపి ఒక ట్రిప్పు అనేవాళ్లున్నారు. జీటీఎఫ్‌ఎస్‌లో వెళ్లడం ఒక ట్రిప్పు, రావడం ఇంకొకటి. డిపో వాళ్లు పది ట్రిప్పులంటే మీ స్క్రీన్ మీద ఇరవై కనిపించవచ్చు. అడగకుండా దాన్ని బగ్ అని రాసేస్తే రెండు రోజుల పని వృథా.

జీటీఎఫ్‌ఎస్ గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే మీకు రోజూ పని దీంతోనే పడొచ్చు. అమెరికాలోని పోర్ట్‌లాండ్ రవాణా సంస్థ ట్రైమెట్, గూగుల్ కలిసి 2005లో మొదలుపెట్టిన ఫార్మాట్ ఇది. స్టాపులు, రూట్లు, ట్రిప్పులు, వేళలు అన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లలో ఉంటాయి. అందులో ఒకచోట వేళ 25:10:00 అని కనిపిస్తే కంగారు పడకండి. అర్ధరాత్రి దాటి 1:10 అని అర్థం, లెక్క మాత్రం ముందురోజుదే.

ఇది విన్నాక మీ నాన్నగారికి నైట్ హాల్ట్ బస్సు గుర్తొస్తుంది చూడండి. మధ్యాహ్నం డిపో వదిలిన పల్లెవెలుగు, రాత్రి తొమ్మిదింటికి చివరి ఊరు చేరి అక్కడే ఆగిపోతుంది. డ్రైవర్, కండక్టర్ కూడా అక్కడే పడుకుంటారు. తెల్లవారి ఐదున్నరకు కాలేజీ పిల్లల్ని, కూరగాయల గంపల్ని ఎక్కించుకుని వెనక్కి బయల్దేరుతుంది. డిపోకు అది ఒకే షెడ్యూలు, క్యాలెండర్‌లో రెండు రోజులు. మరి ఆ కలెక్షన్ ఏ తేదీ కింద పడాలి? సిబ్బంది పని గంటలు ఏ రోజుకు రాయాలి? ఇలాంటి ప్రశ్న వేయగలిగిన టెస్టర్‌ను ఏ కంపెనీ వదులుకోదు.

హెడ్‌వే అంటే రెండు బస్సుల మధ్య వ్యవధి. ఒక రూటులో వెళ్లి రావడానికి, చివర్లలో ఆగే సమయంతో కలిపి 90 నిమిషాలు పడుతుందనుకోండి. పావుగంటకో బస్సు కావాలంటే 6 బస్సులు కావాలి. ట్రాఫిక్ పెరిగి అదే 105 నిమిషాలైతే 7 కావాలి. ఏడో బస్సు లేకపోతే హెడ్‌వే పదిహేడున్నర నిమిషాలవుతుంది. స్టాపులో నిలబడ్డవాళ్లు 'బస్సు రావట్లేదు' అనేది దీన్నే.

రన్‌కట్ అంటే బస్సుల పనిని డ్రైవర్ల, కండక్టర్ల డ్యూటీలుగా కోయడం. ఇక్కడ చట్టం అడ్డొస్తుంది, రావాలి కూడా. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ప్రకారం మామూలుగా రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలే పని ఉండేది. ఏకబిగిన ఐదు గంటలకు మించి పని చేయించకుండా మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాల్సి వచ్చేది. సాఫ్ట్‌వేర్ ఇలాంటి హద్దు దాటిన డ్యూటీ చూపిస్తే, ఆ తప్పు స్టీరింగ్ పట్టుకున్న మనిషి నిద్ర మీద పడుతుంది.

కేఎంపీఎల్, ఈపీకే, ఓఆర్ ఏమిటో నాన్నగారికి బాగా తెలుసు. లీటరుకు కిలోమీటర్లు, కిలోమీటరుకు ఆదాయం, సీట్లు ఎంత నిండాయన్న శాతం. ఏ అంకె చూసినా దాన్ని ఎలా లెక్కించారో అడగండి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి మహిళలకు జీరో టికెట్ ఇస్తున్నారు. ఈపీకేలో ఆ టికెట్ల విలువ కలిపారో లేదో తెలియకుండా రెండు డిపోలను పోల్చకూడదు.

ఈ రంగంలో పని తగ్గేలా లేదు. ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాక ఛార్జింగ్ సమయాన్నీ బ్లాక్‌లో ఇరికించాల్సి వస్తోంది. టెస్టింగ్‌తో మొదలై షెడ్యూలింగ్ వైపు, క్లయింట్ దగ్గర సాఫ్ట్‌వేర్ అమలుచేసే పని వైపు వెళ్లొచ్చు. ఎస్‌క్యూఎల్ గట్టిగా నేర్చుకోండి. ఢిల్లీ బస్సుల జీటీఎఫ్‌ఎస్ డేటాను అక్కడి ప్రభుత్వ పోర్టల్ ఇస్తోంది, దించుకుని ఏదైనా ఒక రూటు హెడ్‌వే మీరే లెక్కించి చూడండి.

ఒక నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీయండి. మొదటి దాంట్లో కంపెనీ పంపిన మాట రాయండి. రెండోది నాన్నగారు డిపో మాటతో నింపుతారు. 'ఎలా లెక్కిస్తారు' అన్న మూడో గడిని ఖాళీగా ఉంచి, చేరిన మొదటి వారంలో మీ టీమ్‌ లీడ్ ముందు పెట్టండి.